గోర్డన్ ఎల్క్ ట్యాగూ, నా అమృత ఘడియలూ

కెనడాలో మా కేంబ్రిడ్జ్ నుంచి అల్బర్టా కొండల దాకా కారులో వెళ్లొచ్చిన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లు సరస్సులు చూశారు, మంచుకొండలు చూశారు, ఫొటోలు పెట్టారు. నేనూ అవన్నీ చూశాను. కాకపోతే వెళ్లేటప్పుడు ఒక అబద్ధాన్ని వెంట తీసుకెళ్లాను, వచ్చేటప్పుడు దాన్ని ఊరూరా విప్పి చూపించుకుంటూ వచ్చాను. అందుకని ఈ యాత్రలో దృశ్యాలకంటే సిగ్గు పాలు ఎక్కువ. హాయిగా చదువుకోవాలనుకునేవాళ్లకి ముందే చెప్పడం మర్యాద.

బయల్దేరకముందు

నేను ముప్పై ఏళ్లు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. పేరు మూర్తి. ఇక్కడి తెలుగువాళ్లు ఫారాల మూర్తిగారంటారు. శాశ్వత నివాసానికి పీఆర్, సిటిజెన్‌షిప్, అమ్మానాన్నల సూపర్ వీసా, ఏ అప్లికేషనైనా మా డైనింగ్ టేబుల్ మీదికి రావాల్సిందే. నింపడం ఒక ఎత్తు, సబ్మిట్ చేయడం ఒక ఎత్తు. రాహుకాలం, వర్జ్యం తప్పించి, మంచి ఘడియ చూసి గానీ నేను బటన్ నొక్కను. ఇన్నేళ్లలో నేను పంపినది ఒక్కటీ తిరిగి రాలేదు. దానికి కారణం జాగ్రత్తగా నింపడమా, ఘడియలా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాణ్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

గోర్డన్ అదే ఫ్యాక్టరీలో టూల్ రూములో పనిచేశాడు. నేను చేరిన మొదటి వారం లంచ్ రూములో నా డబ్బా మూత తీస్తే పక్కవాళ్లు బల్ల మారారు. గోర్డన్ తన శాండ్‌విచ్ పట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పెరుగన్నం ఒక చెంచా అడిగి తిన్నాడు. "నాకు నచ్చలేదు" అన్నాడు. మర్నాడు కూడా అక్కడే కూర్చున్నాడు. ముప్పై ఏళ్లూ అక్కడే కూర్చున్నాడు. ముఖం మీద నిజం చెప్పి, ఆ తర్వాత కూడా ఎదురుగా కూర్చునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

అతను వేటగాడు. నేను శాకాహారిని. ఈ విషయంలో మా ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్నలాంటి దుప్పి, గుర్రమంత ఎత్తుంటుంది. దాన్ని వేటాడాలంటే తుపాకీ లైసెన్సు ఒక్కటే చాలదు, ట్యాగ్ కావాలి. అంటే ఒక్క జంతువుకి ఇచ్చే అనుమతి చీటీ. సరిహద్దు అవతల అమెరికాలో ఒక కొండల రాష్ట్రం ఉంది. అక్కడ బయటివాళ్లకి ఈ ట్యాగులు కొన్నే ఇస్తారు. వసంతంలో గడువులోగా అప్లై చేయాలి, కొన్ని వారాలకి డ్రా తీస్తారు. పేరు రాకపోతే ఒక పాయింటు కలుపుతారు. పాయింట్లు పెరిగేకొద్దీ పేరు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పాయింట్లు లెక్కపెట్టుకుంటూ పీఆర్ కోసం ఎదురుచూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

గోర్డన్ వయసులో ఉన్నప్పుడు వాళ్లన్నతో కలిసి ఆ రాష్ట్రంలో ఒక లోయకి వెళ్లాడు. ట్యాగ్ వాళ్లన్న పేరు మీదిది. గోర్డన్ మాంసం మోశాడు. అన్న పోయాక, అదే లోయకి తన పేరు మీద ట్యాగ్ తెచ్చుకోవాలని ఏళ్ల తరబడి పాయింట్లు పోగేశాడు. ఈ ఏడాదికి దాదాపు ఖాయంగా వచ్చేన్ని చేరాయి. ఈ ఏడాదే డాక్టరు అతని తుంటి కీలు అరిగిపోయిందని తేల్చాడు. చలికాలంలో ఆపరేషన్. ఆ తర్వాత కొండలెక్కే సంగతి చెప్పలేనన్నాడు. అంటే ఉన్నది ఈ సెప్టెంబరొక్కటే.

కాగితాల మీద పోయే అప్లికేషన్ ఇప్పుడు పూర్తిగా ఆన్‌లైన్ అయింది. గోర్డన్‌కి కంప్యూటరంటే చిరాకు. అందుకని కాగితాల కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

గడువు మంగళవారం. శనివారానికి నా పని అయిపోయింది, బటన్ ఒక్కటే మిగిలింది. ఆదివారం అష్టమి. సోమవారం నవమి. మంగళవారం దశమి, బంగారంలాంటి తిథి. రాహుకాలం, దాని వెనకే వర్జ్యం పోగా, సాయంత్రం ఏడు గంటల పన్నెండు నిమిషాలకి అమృత ఘడియలు.

"ఒక జంతువుని చంపే కాగితానికి అమృత ఘడియలేమిటండీ?" అంది నా భార్య లలిత.

స్నానం చేసి, దీపం పెట్టి, ఏడూ పన్నెండుకి నొక్కాను. గడువు ముగిసిందని తెర మీద వచ్చింది. ఆ రాష్ట్రం వాళ్లు సాయంత్రం ఐదింటికి మూసేస్తారట. అక్కడి ఐదంటే మనకి ఏడు. ఆ ముక్క పేజీ అడుగున రాసే ఉంది. నేను నింపే ఫారాల గడువులన్నీ అర్ధరాత్రికి ముగుస్తాయి గనక, ఇదీ అంతేననుకున్నాను.

వెంటనే ఫోన్ చేసి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు. రేపు చెబుదామనుకున్నాను. ఎల్లుండి అనుకున్నాను. ఇంతలో డ్రా ఫలితాల రోజు గోర్డనే ఫోన్ చేశాడు.

"వచ్చిందా?"

"రాలేదు" అన్నాను.

"సరే, డ్రా అంటే అంతేగా. నువ్వు చేయాల్సింది నువ్వు చేశావు. థాంక్స్" అన్నాడు. మర్నాడు ఒక డజను డోనట్లు తెచ్చి గుమ్మంలో ఇచ్చి వెళ్లాడు. లలిత వాటిని ముట్టుకోలేదు. నేను రెండు తిన్నాను.

ఆగస్టులో మళ్లీ వచ్చాడు. సెప్టెంబరులో మగ ఎల్క్‌లు కూస్తాయట. ఆ కూత వినడానికి ట్యాగ్ అక్కర్లేదు. అతని లోయకి ఇవతలి పక్క, అల్బర్టాలో, ఒక పశువుల రాంచ్‌లో చిన్న చెక్క గది మాట్లాడుకున్నాడు. "ఈ తుంటితో అంత దూరం ఒక్కణ్నీ నడపలేను. వస్తావా?" అని అడిగాడు.

లలిత పులిహోర కలిపింది, గోంగూర పచ్చడి సీసాలో పెట్టింది, నా బ్యాగు సర్దింది. "దారిలో ఆయనకి చెప్పండి. చెప్పకుండా మాత్రం ఇంటికి రాకండి" అంది.

పెరీ సౌండ్, మొదటి రోజు

గోర్డన్ పికప్ ట్రక్కులో, ఒకరి తర్వాత ఒకరం నడుపుతూ, మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు వెళ్లాలి. పెరీ సౌండ్ అనే ఊరు దాటేసరికే ఒక ప్రమాదం జరిగిపోయింది. గోంగూర సీసా మూత ఊడి, వెనక సీటు మీదున్న గోర్డన్ కోటు మీద ఒలికింది. వేటగాళ్లు ఒకళ్లనొకళ్లు కాల్చుకోకుండా వేసుకునే నారింజరంగు కోటది. ట్యాగ్ లేకపోయినా తెచ్చుకున్నాడు. పెట్రోల్ బంకులో నీళ్లు, సబ్బు, కాగితపు రుమాళ్లు అన్నీ వాడాను. నూనె మరక వీపు నిండా పాకి కూర్చుంది.

గోర్డన్ వేలితో కొంచెం గోంగూర తీసి నాకాడు. "ఇది నాకు నచ్చింది" అన్నాడు. అప్పుడు చెప్పేయాల్సింది. పచ్చడి గురించి మూడుసార్లు సారీ చెప్పాను, అసలు దాని గురించి ఒక్కసారీ చెప్పలేదు.

వావా, రెండో రోజు

సుపీరియర్ సరస్సు ఒడ్డునే గంటల తరబడి వెళ్లాం. అవతలి గట్టు కనపడకపోతే మనవాళ్లు సముద్రమే అంటారు. వావా ఊరి మొదట్లో పెద్ద బాతు విగ్రహం ఉంది. దాని ముందు ఫొటో దిగనివాడు ఆ దారిన పోనట్టేనట. మేమూ దిగాం.

అక్కడ ఒక చిన్న హోటల్లో భోజనానికి ఆగాం. నడిపేది డోరిస్ అనే డెబ్బై ఏళ్ల ఆవిడ. నేను మాంసం తిననంటే, వంటింట్లోకి వెళ్లి సూప్ కుండలో గరిటె తిప్పి చూసి, "ఇది మీకు పనికిరాదు" అని చెప్పి, గుడ్డు కూడా వద్దా అని అడిగి, చీజ్ పెట్టి కాల్చిన రొట్టె తెచ్చింది. తర్వాత తీపికి ఆపిల్ పై, అంటే ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన రొట్టెలాంటిది, ఒక ముక్క ఏడు డాలర్లు. మన ఊళ్లలో అయితే ఈపాటికి ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఇల్లు సొంతమా అని అడిగేసేవాళ్లు. ఇక్కడ వాన గురించే అడుగుతారు. ఆ మర్యాద వెనక దాక్కోవడం నాకు అలవాటే.

గోర్డన్ మాత్రం దాక్కోనివ్వలేదు. "ఇతను మూర్తి. కాగితాల పనిలో ఇతన్ని మించినవాడు లేడు. నా ఎల్క్ ఫారం పెట్టింది ఇతనే. డ్రా కలిసిరాలేదంతే" అన్నాడు డోరిస్‌తో.

"అయ్యో, మీరెంత బాధపడ్డారో" అందావిడ నాతో. నా ఆపిల్ పై మీద ఊరికే ఐస్‌క్రీం పెట్టింది. తిన్నాను.

బోర్డు

మూడో రోజు పొద్దున, థండర్ బే దాటాక, రోడ్డు పక్కన ఒక బోర్డు ఉంది. ఇక్కడి నుంచి టైం మారుతుంది, గడియారం గంట వెనక్కి తిప్పుకోండి అని. చుట్టూ చెట్లు తప్ప ఏమీ లేవు.

"గంట కలిసొచ్చింది" అన్నాడు గోర్డన్, చేతి గడియారం తిప్పుకుంటూ.

నేను స్టీరింగ్ పట్టుకుని రోడ్డునే చూస్తున్నాను. ఆ రాష్ట్రానికీ మనకీ రెండు గంటల తేడా అని ఇంజనీరుకి తెలియదా? తెలుసు. నక్షత్రాల లెక్క చూసినవాడు గడియారం లెక్క చూడలేదు, అంతే.

డ్రైడెన్

సాయంత్రం డ్రైడెన్‌లో మోటెల్‌కి వెళ్తే కౌంటర్ దగ్గర మన అమ్మాయి. శ్రావణి, జగిత్యాల. పెళ్లయింది, భర్త ట్రక్కు నడుపుతాడు. నా పేరు కార్డు మీద చదివి తలెత్తింది.

"కేంబ్రిడ్జ్ మూర్తి అంకుల్ మీరేనా? మా కజిన్‌వాళ్ల పీఆర్ మీరే చేసిన్రంట. టైం చూసి నొక్కుతరంట కదా."

గోర్డన్ పక్కనే నిలబడి ఉన్నాడు. తెలుగు అర్థం కాకపోయినా, ఆ అమ్మాయి నన్ను చూసే తీరు అర్థమై సంబరపడ్డాడు. శ్రావణికి పీఆర్ ఇన్విటేషన్ వచ్చిందట. డాక్యుమెంట్లన్నీ అప్‌లోడ్ చేసేసింది. గడువు ఇంకా నాలుగు రోజులుంది.

"మా అమ్మ అమావాస్య పోయినాక చెయ్యమంటుంది అంకుల్. ఆ రోజు ఏ టైం మంచిదో జర చూసి చెప్తరా?"

"ఇప్పుడే నొక్కమ్మా" అన్నాను.

"ఇప్పుడా? టైం చూడరా?"

"చూడను. లోపలికి వెళ్లి ఇప్పుడే నొక్కు. రేపు అనుకోకు."

నా గొంతు పెద్దదైనట్టుంది. ఆ అమ్మాయి బెదిరినట్టు చూసి, సరేనని తాళాలిచ్చింది.

గదిలోకి వెళ్లాక గోర్డన్ అడిగాడు, ఎందుకంత కోపమని. కోపం కాదని, మాకు ఒక ఆచారం ఉందని చెప్పాను. రోజులో మంచి ఘడియలు, చెడ్డ ఘడియలు ఉంటాయని, ముఖ్యమైన పనులు మంచి ఘడియలో చేస్తామని విడమర్చి చెప్పాను. బూట్లు విప్పుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"మరి నా దానికీ అలాగే చూశావా?"

"చూశాను."

"నిజంగా?"

"మూడు రోజులు ఆగాను."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. గోర్డన్ కుంటుతూ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నా కోసం అంత చేశావా? నాకు చెప్పనే లేదు" అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. ముప్పై ఏళ్లలో అలా చూడటం అదే మొదటిసారి. దానికి బదులు ఒక లెంపకాయ కొట్టి ఉంటే బాగుండేది. నేను బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను.

సస్కచ్చెవాన్ ధాబా

ఆ తర్వాత భూమి బల్లపరుపుగా అయిపోతుంది. సస్కచ్చెవాన్ సరిహద్దులో రెండో గంట కూడా వెనక్కి తిరిగింది. ఇప్పుడు నా గడియారంలో ఉన్నది ఎల్క్ ట్యాగులిచ్చే ఆ అమెరికా రాష్ట్రం టైమే. ఇంట్లో ఏడయితే ఇక్కడ ఐదు.

ఐదో రోజు మధ్యాహ్నం హైవే పక్కన ఒక పంజాబీ ధాబా కనపడింది. నాలుగు రోజులుగా చీజూ రొట్టే తిన్న నేను పప్పు వాసనకి గోర్డన్ కంటే ముందే లోపలికి నడిచాను. పప్పు, ఆలుగోబీ, నాలుగు రోటీలు, పెరుగు కలిపి పదహారు డాలర్లు. ట్రక్కు డ్రైవర్లు పళ్లెం కడిగి బోర్లించి వెళ్తున్నారు, సొంతింట్లోలా. యజమాని బల్బీర్ సింగ్ మా బల్ల దగ్గరే కూర్చున్నాడు.

గోర్డన్ ఈసారి కొత్త కథ చెప్పాడు. "ఇతను నా ఫారం పంపడానికి మూడు రోజులు నక్షత్రాలు చూశాడు. నా సొంత తమ్ముడున్నా చేసేవాడు కాదు."

బల్బీర్ సింగ్ లేచి నాకు నమస్కారం పెట్టి, ఇద్దరికీ జిలేబీలు తెప్పించాడు. నావి పళ్లెంలోనే వదిలేశాను. పప్పులో కారం ఎక్కువైందని చెప్పాను. అంత చిన్న విషయానికి కూడా అబద్ధమే.

కొండల కింద

రాంచ్‌లో దిగేటప్పటికి కొండలు ఎదురుగా గోడ కట్టినట్టున్నాయి. "ఆ వెనక వరసకి అవతల, మా లోయ" అని గోర్డన్ వేలు చూపించాడు. మొదటి సాయంత్రం గాలి తప్ప ఏమీ వినపడలేదు. రెండో రోజు తెల్లవారుతుండగా రెండు కర్రలు పట్టుకుని వాలు ఎక్కడం మొదలుపెట్టాడు. నారింజ కోటు వేసుకున్నాడు, వీపు మీద గోంగూర మరకతో సహా. నేను వెనకాలే జారుతూ, ఒకసారి బురదలో మోకాళ్ల మీద పడి, ఎక్కుతున్నాను. సగం వాలులో ఆగిపోయి ఒక పడిపోయిన మాను మీద కూర్చున్నాడు. ఇంక పైకి రాలేనన్నాడు.

అప్పుడు కూత వినపడింది. అంత పెద్ద జంతువు గొంతులోంచి అంత సన్నటి ఈల వస్తుందని నేను అనుకోలేదు. మెల్లగా మొదలై పైపైకి లేచి, చివర్లో గుర్రుమని తెగిపోయింది. అవతలి వాలు నుంచి ఇంకొకటి బదులిచ్చింది. గోర్డన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

కూతలు ఆగాక అన్నాడు. "ఈ కాలు మళ్లీ ఇక్కడిదాకా తెస్తుందో లేదో. అయినా నాకు బాధ లేదు మూర్తీ. మనం చేయాల్సింది సరిగ్గా చేశాం. అదృష్టం లేదు. సరిగ్గా చేసి ఓడిపోతే నిద్ర పడుతుంది."

"సరిగ్గా చేయలేదు" అన్నాను.

అతను నావైపు తిరిగాడు. చెప్పేశాను. అష్టమి, నవమి, దశమి, ఏడూ పన్నెండు, తెర మీద వచ్చిన ముక్క, అన్నీ. నీ పేరు అసలు డ్రాలో లేదని చెప్పాను.

"ఎన్నింటికి మూసేశారు?"

"మన టైం ఏడింటికి."

"శనివారం ఫారం పూర్తయింది."

"అయింది."

అవతలి వాలు మీద ఎల్క్ మళ్లీ కూసింది. గోర్డన్ అటు చూడలేదు.

"పన్నెండు నిమిషాలు నేను దిగమింగుకోగలను. పొరపాటు. నేనూ చాలా చేశాను. కానీ ఇది జరిగి నాలుగు నెలలు. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఐదు రోజులు నడిపాను. ఆ హోటలావిడకి చెప్పాను. ఆ అమ్మాయి దగ్గర పొంగిపోయాను. ఆ సర్దార్‌గారికి చెప్పాను. నువ్వు పక్కనే కూర్చుని జిలేబీ తిన్నావు."

తినలేదని చెప్పబోయి ఆగిపోయాను.

లేచాడు. పట్టుకోబోతే చెయ్యి విదిలించాడు. ఎక్కడానికి పట్టినంతసేపు దిగడానికీ పట్టింది. నేను పది అడుగుల వెనక నడిచాను. అతని వీపు మీద మరకే కళ్లెదురుగా ఉంది. అతను పడతాడేమోనని భయం, పడితే పట్టుకునే హక్కు లేదని సిగ్గు.

తిరుగుదారి

మర్నాడు సామాను సర్దుతూ గోర్డన్ ఒక్కటే మాట అన్నాడు. "దారి పొడుగునా నీ గురించి తప్పు కథ చెప్పాను. నేను వెనక్కి తీసుకోను. నువ్వే తీసుకోవాలి."

అర్థం కాలేదు. ధాబా ముందు ట్రక్కు ఆపి, ఇంజన్ ఆపకుండా, "వెళ్లు, ఇక్కడే ఉంటాను" అన్నప్పుడు అర్థమైంది.

బల్బీర్ సింగ్ పెద్దగా నవ్వి, ఏం ఫర్వాలేదు భాయీ సాబ్ అని నా వీపు తట్టాడు. టీ పోశాడు. బయట గోర్డన్ కూర్చుని ఉన్నాడని చెప్తే నవ్వు ఆపి కిటికీలోంచి చూశాడు. ఒక డబ్బాలో జిలేబీలు కట్టి, "ఆయనకివ్వండి" అన్నాడు. నేను ఇస్తే గోర్డన్ తీసుకుని, డ్యాష్‌బోర్డు మీద పెట్టి, బండి కదిలించాడు.

డ్రైడెన్‌లో శ్రావణి నన్ను చూడగానే, "నొక్కేసిన అంకుల్. మీరు చెప్పిన సాయంత్రమే. మీ మొహం చూసి భయమైంది" అంది. ఎందుకు అలా అరిచానో తెలుగులో చెప్పుకున్నాను. సొంత భాషలో చెప్పుకోవడం తేలికనుకున్నాను. కాదు, అదే కష్టం. మెత్తగా సర్ది చెప్పుకునే మాటలన్నీ నోటికి వస్తుంటాయి, ఒక్కొక్కదాన్నీ మింగాలి.

"మరి ఆయన మిమ్మల్ని ఏమన్లేదా?"

"తిట్టలేదమ్మా. ఇలా ప్రతిచోటా దింపి, బయట కూర్చుంటున్నాడు."

శ్రావణి అద్దంలోంచి ట్రక్కు వైపు చూసింది. "తిట్టుంటేనే నయం ఉండు అంకుల్" అంది.

వావాలో డోరిస్ చేతులు కట్టుకుని చివరిదాకా వింది. "పొరపాటు ఎవరికైనా జరుగుతుంది" అంది. ఈ దేశంలో ఎవరైనా ముందు అనే మాట అది. ధాబాలో విన్నది పంజాబీ యాసలో, ఇక్కడ ఇంగ్లిషులో. అందరూ క్షమించేస్తున్నారు, క్షమించాల్సినవాడు తప్ప. ఆ తర్వాత డోరిస్ ఆపిల్ పై ముక్క ఒకటి ప్లేటులో పెట్టి, మీద రెండు గరిటెల ఐస్‌క్రీం వేసి, ఏప్రన్‌తోనే బయటికి నడిచి గోర్డన్‌కి ఇచ్చి వచ్చింది. నాకేమీ పెట్టలేదు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

మిగతా దారంతా రేడియో వింటూ వచ్చాం. గోర్డన్ నాతో మాట్లాడకుండా ఏమీ లేడు. పెట్రోల్ కొట్టించాలి, ఈ ఎగ్జిట్ తీసుకో, కాఫీ కావాలా, అన్నీ అడిగాడు. పెరీ సౌండ్ దగ్గర గోంగూర మిగిలిందా అని కూడా అడిగాడు. మిగల్లేదు. మా ఇంటి ముందు దింపి, నా బ్యాగు తనే దించి, వెళ్లిపోయాడు. ఎన్నడూ లేనిది, లోపలికి రాలేదు.

లలిత గుమ్మంలోనే అడిగింది. "చెప్పారా?"

"చెప్పాను. అందరికీ చెప్పాను."

కేంబ్రిడ్జ్

అందరికీ అన్నది కూడా నిజం కాదు. ఇక్కడి తెలుగువాళ్లలో నా పేరు చెక్కు చెదరలేదు. ఆ దారిలో ఇంకొక్క స్టాపు మిగిలిపోయింది, అది మీరు. అందుకే ఇది రాశాను. ఇప్పుడు ఎవరైనా ఫారం పట్టుకుని వస్తే ముందు ఈ కథ చెప్తాను. విన్న తర్వాత కూడా కొందరు టైం చూడమంటారు. గడువు ముందు చూస్తాను, అది కూడా ఏ ఊరి టైమో చూస్తాను. ఘడియలు కావాలంటే ఇంట్లో పెద్దవాళ్లని అడగమంటాను.

చలికాలంలో గోర్డన్‌కి ఆపరేషన్ అయింది. పులిహోర తీసుకుని చూడటానికి వెళ్లాను. నాలుగు ముద్దలు తిని, "ఉప్పెక్కువైంది" అన్నాడు. లలిత నా మీద కోపంతో వేసినట్టుందన్నాను. నవ్వలేదు గానీ గిన్నె ఖాళీ చేశాడు.

కొత్త ఏడాది అప్లికేషన్లు తెరిచారని అతనే ఫోన్ చేసి చెప్పాడు. తెరిచిన రోజునే వచ్చాడు. చక్రాల వాకర్ నెట్టుకుంటూ, మరక పోని ఆ నారింజ కోటు వేసుకుని. కొండ ఎక్కగలడో లేదో డాక్టరు ఇంకా చెప్పలేదట. డైనింగ్ టేబుల్ దగ్గర తన కుర్చీలో కూర్చున్నాడు, నాకు ఎదురుగా. ఫారం నేను నింపాను, ప్రతి గడీ పైకి చదివి వినిపించాను. చివరికి లాప్‌టాప్ అతని వైపు తిప్పాను.

వేలు బటన్ మీద పెట్టి ఆగాడు. "ఇది మంచి టైమేనా?"

బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంట. కాలెండరు చూడక్కర్లేదు, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. వంటింటి గుమ్మంలో లలిత పని ఆపి నావైపు చూస్తోంది.

"కాదు. రాహుకాలం" అన్నాను. "ఇవాళ్టికి ఇంతకంటే చెడ్డ టైం లేదు."

గోర్డన్ నా మొహంలోకి కాసేపు చూశాడు.

"చెప్పినందుకు థాంక్స్" అని, నొక్కాడు.